ప్రశ్నలు – జవాబులు: అయిదు ఓట్ల ఆధిక్యం

ప్రశ్న: బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికైన తొలి భారతీయుడు దాదాభాయి నౌరోజీ అని పోటీపరీక్షల పుస్తకాలన్నింటిలోనూ ఒక్క వాక్యం కనిపిస్తుంది. మా అబ్బాయికి అది చదివి వినిపిస్తుంటే, “ఆ రోజుల్లో మనకే ఓటు లేదు కదా, మరి ఆయనకు ఎవరు ఓటు వేశారు? నిలబడగానే గెలిచారా?” అని అడిగాడు. దయచేసి వివరించగలరు.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నిలబడగానే గెలవలేదు. నౌరోజీ బ్రిటన్ సార్వత్రిక ఎన్నికల్లో 1886, 1892, 1895, 1906 సంవత్సరాల్లో నాలుగుసార్లు పోటీచేసి, ఒక్కసారి మాత్రమే గెలిచారు. ఆ గెలుపు కూడా అయిదు ఓట్లతోనే. ఆయనకంటే ముందు లాల్‌మోహన్ ఘోష్ అనే బెంగాలీ న్యాయవాది లండనులోని డెట్‌ఫర్డ్ నుంచి 1885లోనూ 1886లోనూ పోటీచేసి ఓడిపోయారు కనుక, తొలి అభ్యర్థి మాత్రం నౌరోజీ కారు.

ఓటు వేసినవారు లండను వాసులే. భారతీయులు కూడా రాణిగారి ప్రజలే కాబట్టి అక్కడ పోటీచేయడానికి చట్టం అడ్డురాలేదు. ఓటు హక్కు మాత్రం ఇల్లుగలవారికో, నిర్ణీత అద్దె చెల్లించేవారికో, అదీ మగవారికే ఉండేది. పార్లమెంటు సభ్యులకు జీతమన్నది 1911 వరకు లేదు. అంటే ఎన్నికల ఖర్చుతోపాటు, గెలిచాక లండనులో ఉండటానికయ్యే ఖర్చు కూడా అభ్యర్థే చూసుకోవాలి. 1855లోనే వ్యాపార సంస్థ పనిమీద ఇంగ్లండు వెళ్లి, తరువాత సొంత వ్యాపారం పెట్టుకుని, 1866లో ఈస్ట్ ఇండియా అసోసియేషన్‌ను స్థాపించి, భారతదేశ సంపద ఏటేటా బ్రిటనుకు ఎలా తరలిపోతున్నదో లెక్కలు కట్టి చూపుతూ వచ్చిన మనిషికి ఆ సభలో ఒక కుర్చీ ఎందుకు కావలసివచ్చిందో ఊహించడం కష్టం కాదు. మన ఖజానా మీద చివరిమాట ఆ సభదే, ఆ సభలో మన మనిషి ఒక్కడూ లేడు.

1886లో లిబరల్ అభ్యర్థిగా లండనులోని హోబర్న్ నుంచి నిలబడినప్పుడు ఆయన ఇంగ్లండుకు తిరిగివచ్చి కొద్ది నెలలే అయింది. నియోజకవర్గం కొత్తది, ఐర్లండు స్వపరిపాలన ప్రశ్నపై పార్టీ రెండుగా చీలి ఉంది. పార్సీ తలపాగా తీసేసి ఆంగ్లేయుల టోపీ పెట్టుకోమని మిత్రులు సలహా కూడా ఇచ్చారు. కన్సర్వేటివ్ అభ్యర్థి కర్నల్ డంకన్‌కు 3,651 ఓట్లు రాగా నౌరోజీకి 1,950 వచ్చాయి.

ఆ ఓటమికి పేరు తెచ్చిపెట్టినవాడు చిత్రంగా ప్రధానమంత్రి సాలిస్‌బరీయే. 1888 నవంబరులో ఎడిన్‌బరో సభలో ఆయన హోబర్న్ ఫలితాన్ని ప్రస్తావిస్తూ, ఒక నల్లవాడిని ఎన్నుకునే స్థితికి బ్రిటిష్ నియోజకవర్గం ఇంకా చేరుకున్నదనుకోనన్నాడు. దాంతో అప్పటిదాకా నౌరోజీ పేరు వినని ఊళ్లలో కూడా ఆయన గురించి చర్చ మొదలైంది. సాలిస్‌బరీకంటే నౌరోజీయే తెల్లగా ఉంటారని ఎదుటి పక్షంవారు ఎకసెక్కాలాడారు. ఆ హాస్యం వల్ల నౌరోజీకి మేలు జరిగిందేమో కానీ, నల్లగా ఉంటే పనికిరాడన్న మాటను అది కాదనలేదు.

పుస్తకాలు వదిలేసే భాగం ఇక్కడే ఉంది. అదే సంవత్సరం ఆయన సెంట్రల్ ఫిన్స్‌బరీ నియోజకవర్గాన్ని ఎంచుకున్నారు. అది గడియారాల పనివారికి పేరుపడ్డ క్లార్కెన్‌వెల్ ప్రాంతం. స్థానిక లిబరల్ సంఘంలో ఒక వర్గం ఆయన ఎంపికను ఒప్పుకోక వేరొకరిని నిలబెట్టాలని చూసింది, తప్పుకొమ్మని ఒత్తిడి వచ్చింది. ఆయన తప్పుకోలేదు. నాలుగేళ్లపాటు కార్మికుల సభల్లోనూ, స్త్రీల ఓటు హక్కు కోరేవారి సభల్లోనూ, ఐరిష్‌వారి మధ్యా తిరుగుతూ ఆ నియోజకవర్గాన్నే అంటిపెట్టుకుని ఉన్నారు. 1892 జులై ఎన్నికకంటే ఈ నాలుగేళ్ల పట్టుదలే గొప్పదని నా అభిప్రాయం, ఎందుకంటే ఎదుటి పార్టీతో పోరాడటం కంటే సొంత పార్టీ గుమ్మం ముందు నిలబడి కదలకపోవడం కష్టం.

ఓట్ల లెక్కింపులో మొదట మూడు ఓట్ల ఆధిక్యం వచ్చింది. తిరిగి లెక్కించాక అది అయిదుకు చేరింది. నౌరోజీ అన్న పేరు నోరు తిరగని ఆంగ్లేయులు దాన్ని ‘నారో మెజారిటీ’గా మార్చి నవ్వుకున్నారు, తక్కువ ఆధిక్యమని దాని అర్థం. సభలో ఆయన పార్సీల పవిత్ర గ్రంథమైన అవెస్తా మీద ప్రమాణం చేశారు. అప్పటికి ఆయన వయస్సు 66 ఏళ్లు.

ప్రశ్న: గెలిచిన మూడేళ్లలో ఆయన సాధించినదేమైనా ఉన్నదా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: కాగితం మీద ఉన్నది. సివిల్ సర్వీసు పరీక్షను లండనుతోపాటు భారతదేశంలో కూడా ఒకేసారి జరపాలన్న తీర్మానాన్ని 1893 జూన్‌లో కామన్స్ సభ స్వల్ప ఆధిక్యంతో ఆమోదించింది. ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టేసింది. ఆ పరీక్ష మన దేశంలో మొదలయ్యేసరికి 1922 వచ్చింది. భారత ఖర్చుల విచారణకు 1895లో నియమించిన వెల్బీ కమిషన్‌లో ఆయనకు సభ్యత్వం లభించింది. అదే ఏడు లిబరల్ పార్టీతోపాటు ఆయన కూడా ఓడిపోయారు. మరో పార్సీ, మంచెర్జీ భావనగ్రీ, అదే ఎన్నికలో కన్సర్వేటివ్‌గా బెత్నల్ గ్రీన్ నుంచి గెలిచాడు. కాంగ్రెస్‌వాదులకు నచ్చని మనిషి ఆయన. రంగు ఒక్కటే అడ్డంకి కాదని ఈ ఫలితం చెబుతున్నది. ఏ పార్టీ గాలి వీస్తున్నదన్నది కూడా ముఖ్యమే.

ప్రశ్న: ఎనభై ఏళ్ల వయస్సులో మళ్లీ పోటీ చేయవలసిన అవసరమేమిటి?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: 1906లో ఆయన లండనులోని నార్త్ లాంబెత్ నుంచి పోటీచేశారు. పార్టీ అధికారిక అభ్యర్థి వేరొకరు కాబట్టి, నౌరోజీ స్వతంత్ర లిబరల్‌గా నిలబడ్డారు. దేశమంతటా లిబరల్ పార్టీ ఘనవిజయం సాధించిన ఆ ఎన్నికలో ఆయనకు 733 ఓట్లు వచ్చాయి. గెలుపు కోసమే అయితే అది తప్పుడు లెక్క. నియోజకవర్గం వదులుకోవడం ఇష్టంలేక నిలబడ్డారనిపిస్తుంది. అయితే ఆయన కోరికల్లో కూడా అప్పటికి మార్పు వచ్చింది. 1886లో బ్రిటిష్ న్యాయబుద్ధి మీద నమ్మకంతో సభలోకి అడుగు పెట్టజూసిన మనిషి, 1901లో అచ్చయిన తన పుస్తకంలో భారతదేశంలోని వారి పాలనను బ్రిటిష్ స్వభావానికే విరుద్ధమన్నారు.

1906 డిసెంబరులో కలకత్తాలో జరిగిన కాంగ్రెస్ మహాసభకు ఆయన మూడోసారి అధ్యక్షత వహించారు. గొంతు సహకరించకపోవడంతో అధ్యక్షోపన్యాసాన్ని గోఖలే చదివి వినిపించారు. ఈసారి కోరినది పార్లమెంటులో కుర్చీ కాదు, స్వరాజ్యం.