చలికి స్టార్ట్ అవ్వని డీజిల్ బండి గురించి మేనల్లుడికి

అల్లుడూ,

నీ వాయిస్ మెసేజ్ మళ్ళీ మళ్ళీ విన్నాను, నువ్వు చెప్పే మాటల కన్నా వెనకాల వినిపించే సెల్ఫ్ సౌండ్ కోసమే ఎక్కువ విన్నా. మొదట బాగానే తిరుగుతోంది, పోనుపోను నీరసపడిపోతోంది. బ్యాటరీ మార్చమని ఒకడు, డీజిల్ పంపు దించమని ఇంకొకడు, లోపలికి డీజిల్ చిమ్మే నాజిల్స్ పోయాయని మరొకడు అంటున్నారన్నావు కదా, దయచేసి ఇప్పుడే ఏదీ మార్చకు. రాజ్మా లోడు డబ్బులు చేతిలో ఉన్నాయి కదా అని తెలియకుండా పార్టులు మీద పార్టులు మారిస్తే డబ్బూ పోద్ది, రోగమూ అలానే ఉంటది.

ముందు ఒక్కటి అర్థం చేసుకో. డీజిల్ ఇంజన్‌కి పెట్రోల్ బండిలా స్పార్క్ ఉండదు, గాలిని గట్టిగా నొక్కితే వచ్చే వేడికే డీజిల్ అంటుకోవాలి. లంబసింగి, చింతపల్లి వైపు డిసెంబర్ తెల్లారుజామున ఎముకలు కొరికే చలి కదా, ఆ గాలి చల్లన, ఇంజన్ ఇనుమంతా చల్లన, నొక్కినప్పుడు పుట్టిన వేడిని సిలిండర్ గోడలే లాగేసుకుంటాయి. అందుకే స్టార్ట్ చేసే ముందు లోపల వేడి పుట్టించడానికి హీటర్ ప్లగ్స్ పెడతారు. కింద నర్సీపట్నంలో మిట్టమధ్యాహ్నం అదే బండి తాళం తిప్పగానే లేస్తది, ఎందుకంటే ఘాట్ దిగేసరికి ఇంజన్ వేడెక్కిపోయింది, బయట ఎండ కూడా ఉంది, చిన్న చిన్న లోపాలు అన్నీ దాక్కుంటాయి. అక్కడి మెకానిక్ చూసి బాగానే ఉందనడంలో అతని తప్పేం లేదు, అతనికి రోగం కనపడట్లేదు అంతే. ఈ సమస్య దొరికేది రాత్రంతా ఆగి ఉన్న బండి మీద, రోజుకి ఒక్కసారి, మొదటి స్టార్ట్‌కి మాత్రమే. ఆ ఒక్క ఛాన్స్‌ని ఊరికే సెల్ఫ్ కొట్టి కొట్టి పాడుచేసుకోకు.

రేపు పొద్దున్న తాళం తిప్పే ముందు ఎవరినైనా ఒకరిని సైలెన్సర్ దగ్గర నిలబెట్టు. నువ్వు సెల్ఫ్ కొడుతుంటే అక్కడ తెల్ల పొగ వస్తుందా లేదా, ఇదే అసలు ప్రశ్న. తెల్ల పొగ బుస్సున వస్తూ, డీజిల్ వాసన కొడుతూ, బండి మాత్రం లేవట్లేదంటే డీజిల్ సిలిండర్‌లోకి వస్తోంది కానీ అంటుకోవట్లేదు, అంటే వేడి చాలట్లేదు, హీటర్ ప్లగ్సో, గాలిని నొక్కే బలం అదే కంప్రెషనో, సెల్ఫ్ స్పీడో చూసుకోవాలి. పొగ అసలు లేదంటే డీజిలే అందట్లేదు, అప్పుడు హీటర్ ప్లగ్స్ జోలికి పోవడం దండగ, ట్యాంక్ నుంచి ఇంజన్ దాకా డీజిల్ వచ్చే లైను చూడాలి. ఈ ఒక్కటి తేలితే సగం పని అయిపోయినట్టే.

నాకైతే నీ బండి మీద అనుమానం లైను మీదే ఎక్కువ, ఎందుకంటే మొదట సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, పైగా ఒకసారి లేచాక మళ్ళీ రోజంతా ఇబ్బంది లేదన్నావు. రాత్రిపూట లైన్‌లో డీజిల్ మెల్లగా ట్యాంకులోకి వెనక్కి జారిపోతే, ఆ ఖాళీలోకి గాలి చేరుద్ది. డీజిల్ బయటికి కారే చోటు అయితే తడి కనపడుద్ది, గాలి లోపలికి లాగే చోటు మాత్రం పొడిగానే ఉంటది, అందుకే కింద పాకి చూసినా ఏమీ దొరకదు. దీనికి ఘాట్ రోడ్డు మీద ఉన్న నీకు మంచి పరీక్ష ఉంది. ఒక రాత్రి బండి ముక్కు ఎత్తు వైపు పెట్టి ఆపు, ఇంకో రాత్రి ముక్కు పల్లం వైపు పెట్టి ఆపు, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి టైర్ల కింద రాళ్ళు తప్పకుండా పెట్టు. ముక్కు పైకి ఉన్న రోజు గోల చేసి, కిందికి ఉన్న రోజు చటుక్కున లేస్తే లైన్‌లో ఎక్కడో గాలి పడుతోందని దాదాపు తేలిపోయినట్టే. రెండు రాత్రులూ ట్యాంకులో డీజిల్ ఒకే మట్టంలో ఉండేలా చూసుకో, లేకపోతే లెక్క తప్పుద్ది. అలాగే పొద్దున్నే డీజిల్ ఫిల్టర్ దగ్గర హ్యాండ్ ప్రైమర్, అదే చేత్తో నొక్కి డీజిల్ ఎక్కించే చిన్న పంపు, నొక్కి చూడు, కొద్దిగా నొక్కగానే గట్టిపడితే లైను నిండుగా ఉన్నట్టు, మెత్తగా చాలాసేపు నొక్కాల్సి వస్తే ఖాళీ అయినట్టు, నొక్కాక బండి వెంటనే లేచిందంటే ఇంక సందేహం లేదు.

అప్పుడు ఫిల్టర్ కింద నీళ్ళు వదిలే ప్లగ్ దగ్గర ఉండే రబ్బర్ రింగు, పైపుల్ని బిగించే బ్యాంజో బోల్ట్‌ల రాగి వాషర్లు, ట్యాంక్ నుంచి వచ్చే రబ్బర్ పైపు, ముఖ్యంగా నాజిల్స్ మీద ఉండే మిగిలిన డీజిల్‌ని ట్యాంకుకి వెనక్కి పంపే సన్న రిటర్న్ పైపులు మెకానిక్‌ని చూడమను. ఈ రబ్బర్లు ఏళ్ళ తరబడి ఎండిపోయి పగుళ్ళు వస్తాయి, ఖరీదు చూస్తే వందల్లోనే. ఫిల్టర్ తర్వాత ఒక అడుగు పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం పెట్టి చూస్తే బుడగలు కంటికే కనపడతాయి. ఇది పాత మెకానికల్ పంపు బళ్ళ సంగతి. డీజిల్‌ని చాలా ఎక్కువ ప్రెషర్‌తో కంప్యూటర్ లెక్కన చిమ్మే కొత్త కామన్ రైల్ బళ్ళలో హై ప్రెషర్ పైపు నట్టు మాత్రం ఇంజన్ తిరుగుతుండగా వదులు చెయ్యకు, ఆ డీజిల్ ప్రెషర్‌కి చేతి చర్మంలోకి దూసుకుపోద్ది, చెయ్యి తీసేసే పరిస్థితి వస్తది.

తెల్ల పొగ వచ్చినా లేవకపోతే హీటర్ ప్లగ్స్ కథ. డాష్‌బోర్డ్ మీద ఆ స్ప్రింగ్ బొమ్మ లైటు వెలిగి ఆరిందంటే ప్లగ్స్ బాగున్నాయని చాలామంది అనుకుంటారు, పాత బళ్ళలో ఆ లైటు టైమర్ మాత్రమే, కింద ప్లగ్స్ నాలుగూ చచ్చిపోయినా అది వెలుగుద్ది. ప్లగ్స్ అన్నిటికీ కరెంటు పంచే లోహపు పట్టీ విప్పేసి మల్టీమీటర్‌తో ఒక్కోదాని రెసిస్టెన్స్ విడివిడిగా కొలవాలి, మామూలుగా ఒక ఓమ్‌కి అటూ ఇటూ చూపిస్తుంది, అసలు కనెక్షనే చూపించకపోతే ఆ ప్లగ్ పోయినట్టు. పట్టీ విప్పకుండా కొలిస్తే మంచిది చెడ్డదీ కలిపి చూపించి నిన్ను మోసం చేసుద్ది. నాలుగూ బాగుండి, తాళం ఆన్ చేసినా పట్టీకి పన్నెండు వోల్టులు రాకపోతే రిలేనో ఫ్యూజో. ఒకటే పోతే బండి లేస్తది కానీ మొదట కొన్ని సెకన్లు మూడు సిలిండర్ల మీద గడగడలాడుతూ పొగ వదిలి తర్వాత సర్దుకుంటది. కొన్ని కొత్త బళ్ళ ప్లగ్స్ తక్కువ వోల్టేజ్‌వి, వాటికి డైరెక్ట్‌గా బ్యాటరీ తగిలించి టెస్ట్ చేస్తే అక్కడే కాలిపోతాయి, జాగ్రత్త. ప్లగ్ విప్పేటప్పుడు ఇంజన్ కొంచెం వెచ్చగా ఉండాలి, తుప్పు వదిలే నూనె వేసి కాసేపు ఆగి మెల్లగా తిప్పమను, బలవంతం చేస్తే హెడ్‌లోనే విరిగిపోద్ది, ఆ పైన ఖర్చు నేను చెప్పలేను.

ఈసీఎమ్, అదే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, ఉన్న బండి అయితే ఇంకో చిన్న పని. రాత్రంతా ఆగిన బండికి ఆ కంప్యూటర్ లెక్కలు చూపించే స్కానర్ పెట్టి, తాళం ఆన్ చేసి, ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ టెంపరేచరూ లోపలికి వచ్చే గాలి టెంపరేచరూ పక్కపక్కన చూడు. రెండూ ఇంచుమించు ఒకటే ఉండాలి. చలిలో కూలెంట్ మాత్రం 80 డిగ్రీలు చూపిస్తుంటే సెన్సర్ అబద్ధం చెప్తోంది, ఇంజన్ వేడిగా ఉందనుకుని కంప్యూటర్ ప్లగ్స్‌ని వెలిగించదు. వేలకి వేలు ఖర్చుపెట్టాక చివర్లో ఇది బయటపడితే ఎంత బాధ.

బ్యాటరీ సంగతి. నిండుగా ఉంటే ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు, సెల్ఫ్ తిరుగుతుండగా తొమ్మిదిన్నర కన్నా కిందకి పడిపోతే బలం లేనట్టు. అయితే ముందు టెర్మినల్స్ మీద తెల్ల పొడి వేడి నీళ్ళతో కడిగి, ఇంజన్ నుంచి బాడీకి వెళ్ళే ఎర్త్ కేబుల్ విప్పి గీకి బిగించు, సగం బ్యాటరీల మీద పడే నింద అసలు ఆ కేబుల్‌ది. నీ బండిలో బ్యాటరీ నీరసం అసలు రోగం కాదని, డీజిల్ అందక ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టడం వల్ల వచ్చిందని నా నమ్మకం. ఒక్కో విడత పది సెకన్లకి మించి కొట్టకు, మధ్యలో నిమిషమైనా ఆపు, లేకపోతే సెల్ఫ్ మోటార్ కూడా పోద్ది. ఇంజన్ ఆయిల్ కూడా అడుగు ఏది పోశారో, మాన్యువల్‌లో 15డబ్ల్యూ40 అని ఉంటే చిక్కటి 20డబ్ల్యూ50 పోయిస్తే చలికి అది ఇంకా చిక్కబడి ఇంజన్ తిరగడం బరువవుద్ది.

డీజిల్ గడ్డకడుతుందేమో అని అడిగావు. ఆ భయం లడఖ్ లాంటి చోట్లకి, అక్కడికే ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా పారే డీజిల్ తెచ్చింది. మన మన్యం చలికి మామూలుగా అంత అవసరం రాదు, కాకపోతే ఫిల్టర్‌లో నీళ్ళు చేరితే అవే ఇబ్బంది పెడతాయి, వారానికి ఒకసారి కింద ప్లగ్ వదిలి తీసెయ్.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా లేవకపోతేనే కంప్రెషన్ గేజ్ పెట్టించు, రింగులు, వాల్వులు అప్పుడు మాట్లాడదాం.

ఒక్కటి మాత్రం వద్దు, ఎవరైనా ఇట్టే అంటుకునే స్టార్టింగ్ స్ప్రే తెచ్చి ఎయిర్ ఫిల్టర్‌లో కొడదాం అంటే ఒప్పుకోకు. హీటర్ ప్లగ్స్ వేడిగా ఉన్న ఇంజన్‌లో అది టైమ్‌కి ముందే పేలి రింగులు, పిస్టన్ పగలగొడుద్ది, ముఖం అక్కడ ఉంటే ముఖం కూడా కాలుద్ది. కింద మంట పెట్టి ఆయిల్ చాంబర్ వెచ్చబెట్టడం కూడా వద్దు, పైన డీజిల్ పైపులు ఉన్న బండి కింద మంటేంట్రా.

ఈ రాత్రి ముక్కు పల్లానికి పెట్టి ఆపు. పొద్దున్న పొగ వచ్చిందా లేదా, ప్రైమర్ ఎంతసేపు నొక్కావు, సెల్ఫ్ తిరిగేటప్పుడు వోల్టేజ్ ఎంత, ఈ మూడూ రాసి పంపు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే సాయంత్రమే ఇచ్చి రాత్రంతా అక్కడే ఉంచి, తెల్లారి నువ్వు వచ్చేదాకా తాళం తిప్పొద్దని చెప్పు. అక్కకి చెప్పు, పండక్కి వస్తున్నా.

మీ మావయ్య