నీట్ మెటీరియల్ కోసం ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా, ఈఎంఐ పెట్టుకోవాలా? మాస్టారూ, రెండూ వద్దు

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా వైరా దగ్గర. ప్రైవేట్ స్కూల్లో సోషల్ చెప్తాను, జీతం 28 వేలు. మా ఆవిడకి టైలరింగ్ మీద ఇంకో 8 వేలు వస్తాయి. 5 వేల చిట్టీతో కలిపి ఖర్చులు 31 వేలు. మా అమ్మాయికి మొన్న నీట్‌లో 431 వచ్చాయి, సీటు రాలేదు, ఇంట్లోనే ఉండి లాంగ్ టర్మ్ ప్రిపేర్ అవుతానంటోంది. ఒక కంపెనీ అబ్బాయి ఇంటికొచ్చి టాబ్లెట్, వీడియో క్లాసులు, 32 పుస్తకాలు, టెస్ట్ సిరీస్ కలిపి ఒక ప్యాకేజీ చూపించాడు. క్యాష్ అయితే 74 వేలు, లేదంటే 5 వేలు కట్టి నెలకి 3,850 చొప్పున 24 నెలలు, నో కాస్ట్ ఈఎంఐ అన్నాడు. నాకు 1,20,000 ఎఫ్‌డీ ఉంది. అది తీసి క్యాష్ కట్టమంటారా, ఈఎంఐ మంచిదా? చిట్టీ పాడేయనా? మా ఆవిడ గొలుసు కూడా ఉంది.

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం మొత్తం డబ్బు ఎక్కడి నుంచి తేవాలి అనే ఉంది, ఆ 32 పుస్తకాలు మీ అమ్మాయికి అసలు అవసరమా కాదా అన్నది ఒక్క ముక్క కూడా లేదు. ప్రతి ఏడాది నీట్ రిజల్ట్స్ వచ్చాక ఇలాంటి ఉత్తరాలు నాకు వరసగా వస్తాయి, అందరిదీ ఇదే తప్పు, పిల్ల సీటు పోయిన బాధలో ఉన్న పదిహేను రోజుల్లోనే కొనేస్తారు. అందుకే మీకు ఒక్కరికే జవాబు రాసి ఊరుకోకుండా అందరికీ కనపడేలా రాస్తున్నాను.

ముందు ఆ నో కాస్ట్ సంగతి చూద్దాం. క్యాష్ 74 వేలు. ఈఎంఐ అయితే 5 వేలు ప్లస్ 24 సార్లు 3,850, అంటే 92,400, మొత్తం 97,400. తేడా 23,400. నో కాస్ట్ అయితే ఈ 23,400 ఎవరి జేబులోకి పోతోంది? మీరు నిజంగా తీసుకునే అప్పు 69 వేలు, దాని మీద నెలనెలా తగ్గే లెక్కన వడ్డీ కడితే నూటికి దాదాపు రెండున్నర రూపాయలు పడుతోంది. మీ ఊళ్లో ఎవరైనా రెండున్నర వడ్డీకి ఇస్తానంటే మీరు గడప దాటి లోపలికి రానిస్తారా? అదే వడ్డీ ఫోన్‌లో వేలిముద్ర పెట్టించి, మెరిసే టాబ్లెట్ చేతిలో పెట్టి ఇస్తే మాత్రం చదువు కోసం అంటాం. నాకు దీని మీద నిజంగా కోపం వస్తుంది.

ఇంకోటి చూడండి. నీట్ మే మొదటి ఆదివారం అటూ ఇటూగా జరుగుతుంది, అంటే మీ చేతిలో ఉన్నది పది నెలలు. ఈఎంఐ మాత్రం 24 నెలలు. పరీక్ష అయిపోయిన తర్వాత ఇంకో పద్నాలుగు నెలలు మీరు ఆ పుస్తకాలకి కడుతూనే ఉంటారు, సరిగ్గా కౌన్సెలింగ్, కాలేజీ ఫీజు, హాస్టల్ అన్నీ మీద పడే టైంలో. పాపకి మంచి మార్కులొస్తే ఆల్ ఇండియా కోటాకి రిజిస్టర్ చేసుకోవడానికే జనరల్ వాళ్లకి ఫీజు కాక 10 వేలు డిపాజిట్ అడుగుతున్నారు, డీమ్డ్ యూనివర్సిటీలకి కూడా పెట్టుకుంటే ఆ డిపాజిట్ 2 లక్షలు. తర్వాత వాపసు ఇస్తారు, కానీ ఆ రోజుకి చేతిలో ఉండాలి కదా. మన దగ్గర వరంగల్ కాళోజీ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో ప్రైవేట్ కాలేజీ కన్వీనర్ సీటొచ్చినా ఏడాదికి 60 వేలు ట్యూషన్ ఫీజు, హాస్టల్ వేరే. ఇవన్నీ రాకముందే మీ నెలవారీ మిగులు 5 వేల్లో 3,850 ఎవరికో రాసిచ్చేస్తే మిగిలేది 1,150.

సరే, అయితే ఎఫ్‌డీ తీసి క్యాష్ కట్టేస్తా అంటారా, వడ్డీ తప్పుతుంది నిజమే, కానీ మాస్టారూ ఆ ఎఫ్‌డీ మీ సేవింగ్స్ కాదు, అది మీ జీతానికి బదులు పెట్టుకున్న జీతం. మీ ఖర్చు 31 వేలు, 1,20,000 అంటే నాలుగు నెలలు కూడా పూర్తిగా రాదు. అందులోంచి 74 వేలు తీస్తే 46 వేలు, నెలన్నర. ప్రైవేట్ స్కూల్ టీచర్‌కి నెలన్నర ఏ మూలకి వస్తుంది? వేసవి సెలవుల్లో సగం జీతం ఇచ్చే స్కూళ్లున్నాయి, అసలు ఇవ్వనివీ ఉన్నాయి, జూన్‌లో అడ్మిషన్లు తగ్గితే ముందు కోత పడేది సోషల్ సార్‌కీ తెలుగు సార్‌కే. కరోనా అప్పుడు మీకు గుర్తుండే ఉంటుంది, స్కూళ్లు మూతపడి, 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేట్ టీచర్లకి 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చే దాకా వచ్చింది పరిస్థితి. ఆ లైన్లో నిలబడ్డ వాళ్లలో పీజీలు చేసిన వాళ్లున్నారు. అది చూశాక కూడా నేను ఒక ప్రైవేట్ టీచర్‌కి ఎఫ్‌డీ బ్రేక్ చేయండి అని చెప్పలేను. మీ ఎఫ్‌డీ ఆరు నెలల ఖర్చుకి, అంటే 1,86,000 దాకా పెరగాలి. ఇంకా 66 వేలు తక్కువ ఉంది, మీరేమో ఉన్నది తీస్తానంటున్నారు.

ఎమర్జెన్సీ ఫండ్ అని నేను ప్రతి ఉత్తరంలో ఒకటే పాట పాడతానని కొందరు విసుక్కుంటారు. నా దగ్గరికి వచ్చే ఒక కుటుంబం గురించి చెప్తాను, మీరే చూడండి. తండ్రి ఏసీ మెకానిక్. కూతురి కోసం ఇలాంటి ప్యాకేజీయే ఈఎంఐలో తీసుకున్నాడు, నెలకి 4,600, చేతిలో దాచింది ఏమీ లేదు. ఫిబ్రవరిలో నిచ్చెన మీద నుంచి జారి మడమ ఎముక విరిగింది. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయిపోయింది, ఆ వరకు బాగానే ఉంది, కానీ మూడు నెలలు పనిలేదు, ఆరోగ్యశ్రీ ఇంట్లోకి బియ్యం తేదు కదా. రెండు ఈఎంఐలు బౌన్స్ అయ్యాయి, ప్రతిసారీ బౌన్స్ చార్జీలు, తర్వాత ఫోన్లు మొదలు. ఆ ఫోన్లు ఎవరికి వచ్చేవో తెలుసా, ఆ పాపకి. ఎందుకంటే యాప్‌లో లాగిన్ ఆ పిల్ల నంబర్‌తో ఉంది, లోన్ ఫారంలో రెండో నంబర్‌గా అదే రాశారు. క్లాస్ వింటుంటే మధ్యలో కాల్, కట్ చేస్తే ఇంకో నంబర్ నుంచి కాల్. ఏప్రిల్‌లో నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆ టాబ్లెట్ పాత చున్నీలో చుట్టి బీరువా పైన పెట్టి ఉంది, పాప కింద చాప మీద కూర్చుని సీనియర్ ఇచ్చిన జిరాక్స్ కాగితాలు చదువుకుంటోంది. నాన్న ముందర ఫోన్ మోగకూడదని సిమ్ తీసేసిందట. ఆ రోజు వాళ్ల దగ్గర ఒక్క 30 వేలు బ్యాంకులో పక్కన ఉండి ఉంటే ఇదేదీ జరిగేది కాదు. ఆ 30 వేలే నేను అడిగేది.

ఇన్సూరెన్స్ కూడా ఇక్కడే చెప్పేస్తా. మీ జీతం 21 వేలు దాటింది కాబట్టి ఈఎస్ఐ రాదు. రేషన్ కార్డు ఉంటే రాజీవ్ ఆరోగ్యశ్రీ 10 లక్షల దాకా ఉంది, అది పెద్ద అండ, కానీ లిస్టులో ఉన్న చికిత్సలకి, లిస్టులో ఉన్న హాస్పిటల్స్‌లోనే. కుటుంబం మొత్తానికి కలిపి ఒక 5 లక్షల హెల్త్ పాలసీ, దాన్ని ఫ్లోటర్ అంటారు, తీసుకోండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా తీసేశారు. మీ పేరు మీద టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంటికి డబ్బొచ్చే జీవిత బీమా, దాని గురించి ఉత్తరంలో ఏమీ రాయలేదు, అంటే లేదనే అనుకుంటున్నాను. మీ అమ్మాయి డాక్టర్ అవ్వడానికి ఇంకా కనీసం ఆరేడేళ్లు మీ జీతం రావాలి, ఆ జీతానికి గ్యారంటీ టర్మ్ పాలసీ ఒక్కటే. ఎఫ్‌డీని ఆరు నెలలకి పెంచడంతో పాటు ఈ ఏడాదే ఇవి రెండూ అయిపోవాలి.

ఇప్పుడు మెటీరియల్. మీరు ఆ పుస్తకాల ఇండెక్స్ ఫోటోలు పంపారు, థాంక్స్, చాలామంది అది కూడా చూడరు. కెమిస్ట్రీ పుస్తకంలో సాలిడ్ స్టేట్ ఉంది, సర్ఫేస్ కెమిస్ట్రీ ఉంది, పాలిమర్స్ ఉంది. ఈ మూడూ 2024 నీట్ సిలబస్ నుంచే తీసేశారు. టెస్ట్ సిరీస్ శాంపిల్ పేపర్‌లో 200 ప్రశ్నలు, 200 నిమిషాలు అని ఉంది, అది 2024 దాకా ఉన్న పద్ధతి, 2025 నుంచి 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, చాయిస్ లేదు. అంటే 74 వేలు పెట్టి గోడౌన్‌లో మిగిలిన పాత సరుకు కొనిపిస్తున్నాడు మీచేత. ఎవరి దగ్గర ఏ మెటీరియల్ కొన్నా ముందు నేషనల్ మెడికల్ కమిషన్ సిలబస్ కాగితం ప్రింట్ తీసుకుని ఇండెక్స్ పక్కన పెట్టి టిక్ కొట్టుకోండి, పావుగంట పని.

అసలు మీ అమ్మాయి మార్కులు చూడండి. బయాలజీ 272, కెమిస్ట్రీ 97, ఫిజిక్స్ 62. బయాలజీలో 90 ప్రశ్నలకి 70 రైట్, 8 తప్పు, ఇంకో ఏడాది ఎన్‌సీఈఆర్‌టీనే లైన్ లైన్ చదివితే ఇంకా పెరుగుతుంది. ఫిజిక్స్‌లో 45కి 20 రైట్, 18 తప్పు, 7 వదిలేసింది. ఆ 18 తప్పులు చూస్తుంటే నాకు అర్థమవుతున్నది ఏంటంటే రాని లెక్కలకి కూడా బబుల్ కొట్టింది, ఊరికే వదిలేసినా 18 మార్కులు మిగిలేవి. ఈ పిల్లకి కావాల్సింది నాలుగు సబ్జెక్టుల 32 పుస్తకాలు కాదు, ఫిజిక్స్ లెక్కలు పక్కన కూర్చుని చేయించే మనిషి. ఖమ్మంలోనో వైరాలోనో జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్లు సాయంత్రాలు ఇంటి దగ్గర చెప్పేవాళ్లుంటారు, మీరు టీచర్ కాబట్టి మీకే తెలుస్తుంది ఎవరు బాగా చెప్తారో. నెలనెలా ఫీజు కట్టండి, ఏడాదిది ఒకేసారి కట్టకండి, నచ్చకపోతే మానేయొచ్చు.

పుస్తకాలకొస్తే ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతులవి బయాలజీ రెండు, ఫిజిక్స్ నాలుగు, కెమిస్ట్రీ నాలుగు, మొత్తం పది, అన్నీ కలిపి 2 వేల లోపే వస్తాయి, పీడీఎఫ్ అయితే ఎన్‌సీఈఆర్‌టీ సైట్‌లోనే ఫ్రీ. కానీ పీడీఎఫ్ మీద పెన్సిల్‌తో గీయలేరు, కొనండి. పాత ప్రశ్నపత్రాల పుస్తకం ఒకటి. ఫిజిక్స్ ఆబ్జెక్టివ్ పుస్తకం ఒక్కటి, మూడు కాదు, ఒక్కటే, అది మొదటి నుంచి చివరి దాకా పూర్తి చేయాలి. హైదరాబాద్ వెళ్తే కోఠీలో, విజయవాడ వెళ్తే అలంకార్ సెంటర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి, సిలబస్ కాగితం జేబులో పెట్టుకుని వెళ్లండి. వీడియోలకి, ప్రాక్టీస్‌కి సాథీ అని ఐఐటీ కాన్పూర్ వాళ్లూ కేంద్ర విద్యాశాఖ కలిసి నడిపే పోర్టల్ ఉంది, పూర్తిగా ఫ్రీ. డబ్బు పెట్టాల్సింది ఏదైనా ఉందంటే ఒక మంచి టెస్ట్ సిరీస్, కొత్త ప్యాటర్న్‌ది, ఓఎంఆర్ షీట్ మీద రాయించేది, 3 నుంచి 5 వేలు. అన్నీ కలిపి 10 వేలు దాటదు, మీ రెండు నెలల మిగులు. తర్వాత నెలల మిగుల్లోంచి ట్యూషన్ పోగా ఉన్నది ఎఫ్‌డీకి.

చిట్టీ ముందుగా పాడితే పాటలో వదులుకునే డబ్బే వడ్డీ అవుతుంది, వద్దు. గొలుసు మీద బ్యాంకు లోన్ ఈ ఈఎంఐ కంటే చవకే, కానీ అది హాస్పిటల్ లాంటి అవసరానికి దాచుకునేది, దాన్నీ ముట్టుకోకండి.

చివర్లో ఒక మాట రాశారు, ఆధార్, పాన్ ఫోటోలు ఆ అబ్బాయికి వాట్సాప్‌లో పంపేశానని. అది నన్ను భయపెట్టింది. కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబర్‌లోనే తల్లిదండ్రులకి హెచ్చరిక ఇచ్చింది, ఎడ్‌టెక్ కంపెనీలకి, అంటే ఇలా ఆన్‌లైన్‌లో పాఠాలు అమ్మేవాళ్లకి, ఆటో డెబిట్ ఇవ్వొద్దు, ఫ్రీ అంటూ మొదలుపెట్టి తెలియకుండానే లోన్లు అంటగట్టే వాళ్లున్నారు అని. ఈరోజే బ్యాంకుకి వెళ్లి మీ ఖాతా మీద ఏమైనా మాండేట్, అంటే నెలనెలా డబ్బు లాక్కునే అనుమతి, రిజిస్టర్ అయిందా అడగండి, ఉంటే రద్దు చేయించండి. మీ పేరు మీద ఉన్న లోన్లన్నీ చూపించే సిబిల్ రిపోర్ట్ ఏడాదికి ఒకసారి ఫ్రీగా ఇస్తారు, తీసి చూడండి, కొత్త లోన్ ఏదైనా కనిపిస్తుందేమో, రెండు మూడు వారాలాగి సిబిల్ లాంటిదే ఇంకో క్రెడిట్ బ్యూరో నుంచి మళ్లీ చూడండి. ఒకవేళ లోన్ ఓకే అయిపోయి ఉంటే రిజర్వ్ బ్యాంక్ రూల్స్ ప్రకారం డిజిటల్ లోన్‌కి కూలింగ్ ఆఫ్ పీరియడ్ ఉండాలి, ఎన్ని రోజులో కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే లోన్ వివరాల కాగితంలో రాసి ఉంటుంది, ఆ లోపు వద్దని చెప్తే అసలూ ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టి బయటపడొచ్చు. ఫోన్‌లో చెప్పకండి, మెయిల్ పెట్టండి.

ఆ అబ్బాయికి వద్దని ఈ రాత్రే ఒక మెసేజ్ పెట్టేయండి. తర్వాత పాప ఫిజిక్స్ పేపర్, ఆన్సర్ కీ ముందేసుకుని ఇద్దరూ కూర్చోండి, తప్పుపోయిన ఆ 18 ప్రశ్నల పక్కన ఏ చాప్టర్‌దో, రాక తప్పు చేసిందో, వచ్చీ తప్పు చేసిందో తనతోనే రాయించండి. ట్యూషన్ సార్ దగ్గరికి మొదటిరోజు ఆ కాగితం పట్టుకుని వెళ్లండి.