కీబోర్డు చవకగా వస్తోంది, పాప వీణ అంటోంది

ప్రశ్న: మాది విజయనగరం. మా అమ్మాయికి పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. నాయనమ్మ పక్కన కూర్చుని రేడియోలో భక్తిరంజని వింటూ కూనిరాగాలు తీస్తుంది. వేసవిలో బంధువుల ఇంటికి బొబ్బిలి వెళ్లినప్పుడు వీణలు తయారుచేసే గొల్లపల్లిలో ఒక వీణ మీటి చూసింది. అప్పటి నుంచి వీణే నేర్చుకుంటానంటోంది. తెలిసినవాళ్లు పాత కీబోర్డు తక్కువ ధరకు ఇస్తామంటున్నారు. మా అన్నయ్య వయొలిన్ నేర్పించమంటున్నాడు. రెండేళ్లలో పదో తరగతి వస్తుంది, దీనివల్ల ముందు ముందు ఉపయోగం ఏమిటని మావారి ప్రశ్న. ఏది కొనాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఇంటిల్లిపాది అభిప్రాయాలూ ఉన్నాయి. వీణను చేత్తో తాకి చూసింది మాత్రం మీ అమ్మాయి ఒక్కతే. నేను ఆమె పక్షం. అయితే ఇప్పుడే ఏదీ కొనకండి.

కీబోర్డు చెడ్డ వాద్యం కాదు. సినిమా పాటలు వాయించాలని, నలుగురితో కలిసి బృందంలో ఉండాలని ఉబలాటపడే పిల్లలకు నేనే దాన్ని సూచిస్తాను. మీట నొక్కిన మొదటి రోజే స్వరం తప్పులేకుండా పలుకుతుంది. కానీ మీ అమ్మాయి చెవి భక్తిరంజని దగ్గర పెరిగింది. ఆ సంగీతానికి ప్రాణం గమకం. అక్కడ స్వరం కదలకుండా నిలబడదు, ఊగుతుంది, పక్క స్వరంలోకి జారుతుంది. కీబోర్డులో ఒక మీటకూ మరో మీటకూ మధ్య ఆ జారుడుకు చోటు లేదు. వీణ మీద అడ్డంగా వరుసగా ఉండే లోహపు పట్టీలే మెట్లు. మెట్టు మీద తీగను నొక్కి పక్కకు లాగితే, అదే మెట్టు దగ్గర పై స్వరం కూడా పలుకుతుంది. గొల్లపల్లిలో ఆ పిల్లను పట్టేసింది ఈ నాదమే అయి ఉంటుంది. చవకగా వచ్చిందని వేరొకటి చేతికిస్తే నాలుగు నెలల్లో అది అటక ఎక్కుతుంది. అలాంటి ఇళ్లు చాలా చూశాను.

మీ అన్నయ్యగారి మాట తేలిగ్గా తీసేయలేను. ఫిడేలుకు మీ ఊరు పెట్టింది పేరు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్‌గా, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ ఆచార్యులుగా ఉన్నారు. 1936లో నాయుడు గారే ప్రిన్సిపాల్ అయ్యారు. కానీ ఫిడేలుకు మెట్లుండవు. స్వరం ఎక్కడుందో వేలే వెతుక్కోవాలి, రెండో చేతిలో తీగల మీద రాసే కమాను నిలకడగా నడవాలి. మొదటి నెలల్లో వచ్చే గరగర శబ్దాన్ని దాటించేది ఆ వాద్యం మీద ఉన్న ఇష్టం ఒక్కటే. ఆ ఇష్టం మీ అన్నయ్యకు ఉంది, పాపకు ఉన్నట్టు మీరు రాయలేదు.

వీణకు ఇరవై నాలుగు మెట్లుంటాయి. సరైన మెట్టు మీద వేలు పడితే స్వరం దొరుకుతుంది. కష్టం వేరే చోట ఉంది. తీగ కోతకు ఎడమచేతి చూపుడు వేలు, మధ్య వేలు మంట పుడతాయి. కొన్ని వారాలకు చర్మం గట్టిపడి తీగ గాడి కనిపిస్తుంది. వేళ్లు జారడానికి కాస్త కొబ్బరినూనె రాసుకుంటారు. ఆ మంట ఉన్న రోజుల్లో ఆమెను గంటసేపు కూర్చోబెట్టకండి, ఇరవై నిమిషాలు చాలు. తీగలను బిగించే బిరడలు తిప్పి శ్రుతి చేయడం కూడా మొదట్లో ఆమె వల్ల కాదు, గురువే చేయాలి. అందుకే గురువు ఇల్లు దగ్గరగా ఉండాలని పట్టుబడతాను. బడి నుంచి వచ్చి, టిఫిను తిని, నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉంటే మరీ మంచిది. ముందు సంగీత కళాశాలకు వెళ్లి ప్రవేశాల గురించి, తరగతుల వేళల గురించి అడగండి. బడి వేళలతో కుదరకపోతే, ఇంటి దగ్గర వీణ నేర్పేవారెవరో అక్కడే తెలుస్తుంది. మొదటి రెండు మూడు నెలలు గురువుగారి వీణ మీదే సాధన చేయనిస్తారేమో అడగండి. మొదటి పాఠాలైన సరళీ వరుసలు దాటి, ఆ తర్వాతి జంట వరుసల్లోకి వచ్చాక కూడా తనంతట తానే వీణ ముందు కూర్చుంటుంటే, అప్పుడు కొనండి.

మీవారి ప్రశ్నకు సూటిగా చెబుతాను. వీణ నేర్చుకుంటే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని ఎవరైనా అంటే నమ్మి చేర్పించకండి. ఉద్యోగం కోసమూ చేర్పించకండి. సంగీతాన్నే వృత్తిగా తీసుకునేవారికి దారులు లేకపోలేదు. డిప్లొమా ఉంది, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సంగీత విభాగం ఉంది, ఆకాశవాణి ఆడిషన్లు ఉన్నాయి. శాస్త్రీయ కళలు నేర్చుకుంటున్న 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఆర్‌టీ ఉపకార వేతనం కూడా ఇస్తుంది. కానీ అదంతా ఆమె పెద్దయ్యాక తేల్చుకోవలసిన సంగతి. ఈ రెండేళ్లలో రోజుకు ఇరవై నిమిషాలు కూర్చుంటే తాళాల సాధన అయిన అలంకారాలు పూర్తిచేసి, గీతాలనే చిన్న పాటలు కొన్ని వాయించగలిగే స్థితికి రావచ్చు. ఇంటర్మీడియట్‌లో సాధన ఆగినా వేళ్లు నేర్చిన పని అంత తొందరగా మరచిపోవు. పరీక్షల ఒత్తిడిలో ఉన్న పిల్లలతో రోజూ మాట్లాడేదాన్ని నేను. పుస్తకం మూసి పది నిమిషాలు చేతులకు వేరే పని ఇచ్చుకోగల పిల్ల నాకు ఎంతో నిశ్చింతగా కనిపిస్తుంది.

కొనే రోజు వచ్చాక గొల్లపల్లే వెళ్లండి. మీకు బొబ్బిలి బస్సులో అయినా రైల్లో అయినా దగ్గరే. పనస మానును తొలిచి ఒకే దుంగలో చేసే వీణలకు ఆ ఊరు పేరు పొందింది. బహుమతులుగా ఇచ్చే చిన్న వీణలు కూడా అక్కడ ముచ్చటగా ఉంటాయి, కానీ అవి అలంకారానికే, సాధనకు పనికిరావు. మెట్లను మైనంలో నిలబెడతారు కాబట్టి వీణను ఎండ పడే కిటికీ పక్కన ఉంచకండి. ఏళ్లు గడిచాక మెట్లు సరిచేయించాల్సి వస్తే చేసిన చేతులే దగ్గర్లో ఉంటాయి. ఈ వసతి హైదరాబాదులో ఉన్నవారికి లేదు.

వెళ్లేటప్పుడు గురువుగారిని బతిమాలైనా వెంట తీసుకువెళ్లండి, నాయనమ్మ గారిని కూడా. రెండు మూడు వీణలు మీటించి, ఏ నాదం ఎక్కువసేపు నిలుస్తోందో నాయనమ్మ గారినే చెప్పమనండి. ఇన్నేళ్లు భక్తిరంజని విన్న చెవి అది.