చలికాలంలో పొదిగేసిన గుడ్లు మురిగిపోతే తప్పు పుంజుదేనా?

అడిగింది ఇదీ: "మాది ఆదిలాబాద్ వైపు. డిసెంబరులో 13 నాటు గుడ్లు పొదిగేస్తే 4 పిల్లలే లేచాయి. చలికి పుంజు సత్తువ పోతుంది, మార్చెయ్యమంటున్నారు. మార్చాలా?"

మార్చకండి. మిగిలిన తొమ్మిది గుడ్లూ పగలగొట్టి చూశారా? చూడకుండా పారేస్తే మాత్రం పుంజు మీద వేసింది ఉత్త నిందే.

మీ దగ్గర రాత్రి 8 డిగ్రీలకు పడినా మధ్యాహ్నానికి 27, 28 ఉంటుంది. ఆ చలికి ఆరోగ్యంగా ఉన్న పుంజు పెట్టల్ని తొక్కడం మానదు. నిజానికి పుంజుకు చలికన్నా ఎండే చేటు. మే నెలలో 42 దాటితే వీర్యం దెబ్బతింటుంది. అప్పుడు ఎవరూ పెద్దగా పొదిగెయ్యరు కాబట్టి ఆ సంగతి బయటికి రాదు. అమెరికా వీడియోలు చూసి ఇక్కడ లైట్లు, హీటర్లు బిగించేవాళ్ళను చూస్తే నవ్వొస్తుంది. పగటి వెలుగు తగ్గితే పుంజు జోరు తగ్గుతుంది, నిజమే. కానీ షికాగోలో డిసెంబరు పగలు 9 గంటలే, ఆదిలాబాద్‌లో దాదాపు 11. అక్కడ తురాయి గడ్డకట్టి నల్లబడిన పుంజు కొన్ని వారాలు దేనికీ పనికిరాదు. ఆ బాధ మనకు లేదు.

మరి గుడ్లు ఎందుకు పోయాయి? ఎక్కువ సార్లు పెట్ట కిందకు వెళ్ళకముందే, ఇంట్లోనే పోతాయి.

నాటు పెట్ట రోజూ పెట్టదు. ఒక విడతకు 12, 15 గుడ్లు పెట్టడానికి మామూలుగానే రెండు, మూడు వారాలు పడుతుంది, చలికాలంలో ఇంకా సాగుతుంది. అంటే పొదుగుకు వచ్చేసరికి మొదటి గుడ్డుకు 18, 20 రోజుల వయసు. పొదగడానికి గుడ్డు 7 రోజుల లోపుదైతే మంచిది, 10 దాకా సరిపెట్టుకోవచ్చు. ఆ తరవాత రోజురోజుకూ పిల్ల లేచే అవకాశం తగ్గుతూనే ఉంటుంది. మీ 13లో సగం ముసలి గుడ్లే అయి ఉంటాయి.

రెండోది, అవి ఉన్న చోటు. పెట్ట పెట్టిన క్షణానికే గుడ్డులో పిండం మొదలై ఉంటుంది. 20, 21 డిగ్రీల కిందకు దిగితే నిద్రపోతుంది, పైకి వెళ్తే మెల్లగా కదులుతుంది. వసారాలో బుట్టలో పెట్టిన గుడ్డు మధ్యాహ్నం 27కు లేచి, తెల్లవారుజామున 9 డిగ్రీలకు పడుకుంటుంది. మర్నాడు మళ్ళీ అదే. ఇలా వారం లేపి పడుకోబెడితే ఏ పిండమైనా నీరసిస్తుంది, పెట్ట కింద రెండో రోజో మూడో రోజో చచ్చిపోతుంది. నిలకడగా చల్లగా ఉన్నా ఇంత నష్టం ఉండదు. 15 నుంచి 18 డిగ్రీల మధ్య, మార్పు లేకుండా ఉండాలి. చలికాలంలో పొయ్యికి దూరంగా ఉన్న లోపలి గది దీనికి దగ్గరగా ఉంటుంది. మట్టికుండలో ఊక పోసి, సన్న కొస కిందకు పెట్టి గుచ్చండి. ఫ్రిజ్ వద్దు, అక్కడ 4 డిగ్రీలు. మధ్యాహ్నం దాకా గూట్లో వదలకుండా 11కోసారి, 3కోసారి ఏరండి. పెన్సిల్‌తో తేదీ రాయండి. పెన్నూ మార్కరూ వద్దు. పది రోజులు దాటినవి కూరకు, కొత్తవి పొదుగుకు. తక్కువైతే ఇంకో పెట్ట గుడ్లు కలపండి.

ఇక పుంజు సంగతి తేల్చడం. అవే పెట్టల తాజా గుడ్లు నాలుగు తెల్లటి పళ్ళెంలో పగలగొట్టండి. పచ్చసొన మీద ఒక చుక్క ఉంటుంది, కనబడకపోతే చెంచాతో సొనను మెల్లగా తిప్పండి. పుంజు పడని గుడ్డులో అది నూకగింజంత గట్టి తెల్లచుక్క, అంచు వంకరటింకరగా ఉంటుంది. పుంజు పడిన దాంట్లో సుమారు 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఉంగరం ఉంటుంది. మధ్యలో పలచన, చుట్టూ తెల్లటి అంచు, గాజు మీద గ్లాసు అడుగు ముద్రలాగా. సొన పక్కన మెలితిరిగిన తెల్లటి తాడు చూసి "ఇదిగో జీవం" అనేవాళ్ళున్నారు. అది సొనను నడిమధ్యన నిలిపే తాడు, ప్రతి గుడ్డులోనూ ఉంటుంది. నాలుగింటిలో నాలుగు ఉంగరాలు కనబడితే పుంజుకు క్లీన్ చిట్ ఇచ్చి, అట్టు పోసుకోండి.

పొదుగులో 7వ రోజు రాత్రి ఫోన్ టార్చి మీద రూపాయి బిళ్ళంత చిల్లి పెట్టిన అట్ట ముక్క పెట్టి, గుడ్డు లావు కొస ఆనించి చూడండి. సాలీడులా నల్లచుక్క, చుట్టూ ఎర్రటి నరాలు ఉంటే బతికే ఉంది. నరాలు లేకుండా ఒక్క ఎర్రటి గీత ఉంగరంలా చుట్టుకుని ఉంటే మొదటి నాలుగైదు రోజుల్లో చచ్చింది. ఏమీ లేకుండా దీపంలా వెలిగితే జనం "పుంజు పడలేదు" అనేస్తారు. తొందరపడకండి, ఒకటి పగలగొట్టండి. చుక్క నూకగింజంతే ఉంటే పుంజు పడలేదు. అర సెంటీమీటరు దాటి దూదిలా పాకి ఉంటే పుంజు తన పని చేసింది, గుడ్డు ముసలిదో, చలికీ వేడికీ నలిగిందో.

పుంజు నిజంగానే కారణమయ్యే సందర్భం కూడా ఉంది, దానికీ చలికీ సంబంధం లేదు. గోదావరి జిల్లాల్లో సంక్రాంతికి రెండు మూడు నెలల ముందే మంచి పుంజులన్నిటినీ విడిగా కట్టేసి, బాదంపప్పులు, కైమా పెట్టి పందేలకు తయారు చేస్తారు. పెట్టల దగ్గర మిగిలేది గొంతు కూడా సరిగా విప్పని కుర్ర పుంజు. పెట్ట లోపల వీర్యం 10 నుంచి 14 రోజులు నిలవుంటుంది, కొన్నిటికి మూడు వారాలు. ఆ నిలవతో కొన్నాళ్ళు గుడ్లు బాగానే వస్తాయి, ఆపైన వట్టివే. చట్టం వద్దన్న పందెం కోసం జాతి పుంజును పక్కన పెట్టి, జనవరిలో "చలికి గుడ్లు పోయాయి" అంటే ఏం చెప్పాలి? అదే మూడు వారాల లెక్క ఇంకోచోటా పనికొస్తుంది. పుంజును మార్చితే మూడు వారాల దాకా వచ్చే పిల్లలు ఎవరివో చెప్పలేం.

నాటు పుంజు ఒక్కదానికి 8, 10 పెట్టలు సరి. బరువైన జాతి పుంజుకు 4, 5 చాలు. మేత విడిగా పెట్టండి. కలిపి పెడితే పుంజు గింజ దొరికినప్పుడల్లా కొక్కొక్కొమని పెట్టల్ని పిలిచి, తను పస్తుంటుంది. సాయంత్రం జొన్నలో సజ్జలో ఒక పిడికెడు ఎక్కువ పడితే రాత్రంతా ఒంట్లో వేడి నిలుస్తుంది. మొలకెత్తిన గింజలు, మునగాకు వారానికి మూడుసార్లు. ఈకల మొదళ్ళ దగ్గర కోడిపేను చూడండి. పేను పట్టిన పుంజు తొక్కదు, పేను పట్టిన పెట్ట పొదుగులో కూర్చోదు.

చలికాలంలో ఒక పెట్ట కింద 13 ఎక్కువ. 9 లేదా 10 పెట్టండి. పెట్ట గుడ్లను దొర్లిస్తూ ఉంటుంది కాబట్టి, రెక్క దాటి బయటికి వచ్చి చల్లబడేది ఒక్కో రోజు ఒక్కో గుడ్డు. మీ 13లో ఏ ఒక్కటీ వెచ్చగా నిలిచి ఉండదు. సిమెంటు నేల మీద నేరుగా బుట్ట పెట్టకండి. కింద గోనెసంచి, బుట్టలో రెండు వేళ్ళ మందం బూడిద కలిపిన ఇసక, పైన నాలుగు వేళ్ళ ఎండు వరిగడ్డి. ఉరుములకు గుడ్లు చెడతాయని ఇనుప ముక్క, ఎండుమిరపకాయ కూడా పెట్టుకుంటారా, పెట్టుకోండి, నష్టం లేదు. గుడ్లు మాత్రం చన్నీళ్ళతో కడక్కండి. లోపలి సొన ముడుచుకుని పెంకు రంధ్రాల్లోంచి మురికిని లోపలికి పీలుస్తుంది. పగలగొట్టినప్పుడు ముక్కు పగిలే కంపు వచ్చేవి ఎక్కువగా ఇవే.

థర్మాకోల్ పెట్టె ఇంక్యుబేటర్ వాడేవాళ్ళకు ఒక మాట. దాని మీటరు 37.5 చూపిస్తే నమ్మెయ్యకండి, జ్వరం చూసే థర్మామీటర్ లోపల పెట్టి సరిచూడండి. 99.5 (ఆ 37.5 సెల్సియసే) నుంచి 100 ఫారెన్‌హీట్ ఉండాలి, అదీ ఫ్యాన్ ఉంటేనే. చలిగాలి లోపలికి వెళ్ళి వేడెక్కితే తేమ పడిపోతుంది, నీళ్ళ గిన్నె రోజూ చూడాలి. కరెంటు రెండు గంటలు పోతే కంగారుపడి రగ్గులు కప్పి, రాగానే వేడి పెంచేస్తారు. ఆ వేడే చంపేది, చల్లదనం కాదు.

21వ రోజు దాటిందని గుడ్లు పారెయ్యకండి. చలికి ఒకటి, ఒకటిన్నర రోజు ఆలస్యం మామూలే. ముందు లేచిన పిల్లలు కిచకిచమంటే పెట్ట మిగతా గుడ్లు వదిలి లేచిపోతుంది. ఆ పిల్లల్ని ఈకలు ఆరగానే తీసి, అట్టపెట్టెలో అడుగు ఎత్తున 60 వాట్ల పాతరకం బల్బు (ఎల్ఈడీ కాదు) కింద పెట్టి, 23వ రోజు సాయంత్రం దాకా పెట్టను గుడ్ల మీదే ఉంచండి. చీకటి పడ్డాక పిల్లల్ని మెల్లగా దాని రెక్క కిందకు తోసెయ్యండి. పగలు వదిలితే కొన్ని పెట్టలు పొడుస్తాయి.