కోర్టు సినిమా తీయబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

స్క్రిప్టు చదివాను. కథలో పట్టుంది. డైలాగులు తగ్గించమని ఈపాటికి నలుగురు చెప్పే ఉంటారు కాబట్టి ఆ జోలికి పోను. కోర్టు థ్రిల్లరును నడిపించేది కాగితం. ఏ కాగితం ఎవరి చేతికి ఎప్పుడొచ్చింది, జడ్జి ముందుకు ఏ దారిన చేరింది అన్నదాన్నే ప్రేక్షకుడు పట్టుకుని కూర్చుంటాడు. రైటర్ నుంచి ఎడిటర్ దాకా నీ టీమంతా ఆ కాగితం వెంటే నడవాలి.

ముందు క్లైమాక్సు సంగతి. పీపీ, అంటే ప్రభుత్వం తరఫు లాయరు, జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి జడ్జి చేతిలో పెట్టేస్తాడు, హాలంతా నిశ్శబ్దం. మన సెషన్స్ కోర్టులో అలా కుదరదు. ప్రాసిక్యూషన్ నమ్ముకున్న కాగితాల కాపీలు విచారణకు ముందే ముద్దాయికి అందాలి. మధ్యలో కొత్తది తేవాలంటే పిటిషన్ వెయ్యాలి, అవతలి లాయరు కౌంటర్ వేస్తాడు. సాక్షిని మళ్లీ బోనెక్కించాలంటే బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 348 కింద అడగాలి. సీసీ కెమెరా ఫుటేజీకి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచెయ్యాలి, అందులో ఆ ఫైలు హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి కోడు, ఫైలు కాస్త మారినా అది మారిపోతుంది. నన్నడిగితే నీ ట్విస్టు అక్కడే దాక్కుని ఉంది. సర్టిఫికెట్లో హ్యాష్ ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫైలుది ఇంకొకటి. డిఫెన్స్ లాయరు గొంతు పెంచనక్కర్లేదు, సాక్షి చేత రెండు వరుసలూ చదివిస్తే చాలు.

హత్య 2024 జూలై 1కి ముందు జరిగిందో తర్వాత జరిగిందో ఇప్పుడే తేల్చుకో. ఆ రోజునుంచే ఐపీసీ స్థానంలో బీఎన్ఎస్ వచ్చింది. హత్యకు సెక్షన్ ముందైతే ఐపీసీ 302, తర్వాతైతే బీఎన్ఎస్ 103. సెట్‌లో వాడే ఎఫ్ఐఆర్ కాగితం (ప్రాపు) మీద ఒకటి, డైలాగులో మరొకటి ఉంటే ట్రైలర్ వచ్చిన గంటలో లాయర్లు స్క్రీన్‌షాట్లు పెడతారు. ట్రయల్ కోర్టులో క్రిమినల్ కేసులు నడిపే వకీలునొకర్ని స్క్రిప్టు దశలోనే కూర్చోబెట్టుకో. షూటింగ్ రోజు పిలిస్తే ఆయన చెప్పిన తప్పు దిద్దే టైముండదు.

సుత్తి తీసెయ్, మన జడ్జీలు సుత్తి కొట్టరు. గీత మీద చెయ్యేసి ప్రమాణం కూడా సినిమావాళ్లు పెట్టిందే. దేవుడి పేరుతోనో ఆత్మసాక్షిగానో చేయిస్తారు. కింది కోర్టు లాయరుకు గౌను తప్పనిసరి కాదు, కోటూ, మెడ దగ్గర తెల్ల బ్యాండూ చాలు. రిమాండ్‌లో ఉన్న ముద్దాయికి ఖైదీ యూనిఫాం వెయ్యకు, అది శిక్ష పడ్డవాళ్లకి. కళ్లకు గంతలున్న దేవత బొమ్మ అసలక్కర్లేదు. సుప్రీంకోర్టు లైబ్రరీలోనే 2024లో గంతలు లేని విగ్రహం పెట్టారు, మన ఆర్టు వాళ్లు మాత్రం పాతదే అద్దెకు తెస్తుంటారు.

అందరూ కత్తిరించేదాన్ని ఒకటి మాత్రం ఉంచు. సాక్షి చెప్పింది జడ్జి డిక్టేట్ చేస్తుంటే పక్కన టైపిస్టు కొడుతుంటాడు. పేస్ పడిపోతుందని దీన్ని ఎగరగొడతారు. సాక్షి ఏడుస్తూ ఐదు వాక్యాలు చెబితే జడ్జి దాన్ని ఒక్క పొడి వాక్యం చేస్తాడు. ఆ రెంటికీ మధ్య జారిపోయిన మాట దగ్గర కేసు తిరగబడొచ్చు. కీబోర్డు చప్పుడు సౌండు డిజైనరుకు కూడా పనికొస్తుంది.

ఇప్పుడు ప్రాపులు. ఎక్కువ గొడవలు ఇక్కడే వస్తాయి. పోస్ట్‌మార్టం రిపోర్టునే తీసుకో. సాక్షి ద్వారా సాక్ష్యంగా నమోదు (మార్క్) చేసేదాకా దాని మీద ఎగ్జిబిట్ ముద్ర ఉండదు. మార్క్ చేశాక రబ్బరు స్టాంపు, కేసు నంబరు, పి-7 (ప్రాసిక్యూషన్ ఏడో ఎగ్జిబిట్) అన్న అంకె, జడ్జి సంతకం వస్తాయి. నువ్వు సీన్లు వరసగా తియ్యవు కదా. అందుకని ప్రతి ముఖ్యమైన కాగితానికీ ముద్ర లేనివి మూడు, ఉన్నవి మూడు, చేతుల్లో నలిగినది ఒకటి చేయించు. కవరు మీద సీన్ నంబర్లు రాయించి ఒక్క అసిస్టెంటు చేతిలోనే ఉంచు. కత్తి లాంటి వస్తువైతే దానికి కట్టిన చీటీ మీద మధ్యవర్తుల, అంటే పోలీసులు దాన్ని స్వాధీనం చేసుకున్నప్పుడు సాక్షులుగా ఉన్నవాళ్ల, సంతకాలుండాలి. క్లోజప్‌లో పడే కాగితం మీద అచ్చు నిజంగా కేసుకు సంబంధించినదే కావాలి. ఓటీటీలో పాజ్ చేసి చదువుతారు. అడ్రసులూ ఫోన్ నంబర్లూ కల్పితమో కాదో చూసుకో.

సెట్‌లో ఫ్యాన్లు నీ శత్రువులు. సింక్ సౌండ్ (మాటలు సెట్‌లోనే రికార్డు చెయ్యడం) కాబట్టి క్లోజప్పులకు ఆపేస్తావు, వైడ్‌లో తిరుగుతుంటాయి. దాంతో వైడ్‌లో కాగితాలు రెపరెపలాడతాయి, క్లోజ్‌లో కదలవు. ప్రతి ఫైలు మీదా పేపర్‌వెయిట్ పెట్టించు. నిజం కోర్టుల్లోనూ ఉంటాయి కాబట్టి ఎబ్బెట్టుగా కనిపించదు. గోడ గడియారం ఆపేసి సీనుకో టైము పెట్టు. ఫ్రేములో ట్యూబులైట్లుంటే సెకనుకు 24 ఫ్రేములకు కెమెరా షట్టర్ 172.8 డిగ్రీలు పెట్టమను, లేకపోతే వెలుగు మినుకుమినుకుమంటుంది (ఫ్లికర్). జడ్జి వేదిక మూడడుగులకు మించితే లాయరు క్లోజప్పుల్లో గడ్డం, ముక్కు రంధ్రాలే కనిపిస్తాయి. జడ్జి వెనక గోడా, ఒక పక్క గోడా ఊడదీసేలా కట్టించకపోతే లెన్సుకు దూరం దొరకదు.

లాయరుకీ జడ్జికీ మధ్య చూపుల లైను ఒకటి (కెమెరా దాటకూడని ఊహాగీత), లాయరుకీ సాక్షికీ మధ్య ఇంకొకటి. రెంటినీ కలిపి కట్ చేస్తే చూపులు తప్పుతాయి. లైను మారాల్సిన చోట లాయరును కెమెరా ముందే నడిపించు, లేదా జడ్జి భుజం మీదుగా ఒక షాటు తీసిపెట్టుకో. రోజుకు తెర మీద నాలుగు నిమిషాల సినిమాకు మించి ఆశపడకు. ఒక వైపు చూసే షాట్లన్నీ అయ్యాకే లైటింగ్ తిప్పించు. జడ్జి ఆర్టిస్టు కాల్షీట్ తక్కువుంటే ఆయన రియాక్షన్లన్నీ ఒకే పూటలో తీసేస్తారు. అలాగే తీసుకో, కానీ ప్రతి రియాక్షనుకూ ఎదుట అసలు డైలాగు చెప్పించు. ఊరికే ‘సీరియస్‌గా చూడండి సార్’ అంటే ఎడిటింగ్‌లో పనికిరాదు.

తెల్ల చొక్కాను టీ డికాషన్‌లో ముంచి కాస్త మాపించమను. నల్లకోటు పక్కన మల్లెపువ్వు తెలుపు కెమెరాలో కాలిపోతుంది, అంటే వివరాలు లేని తెల్లమచ్చ అయిపోతుంది. లేపల్ మైకు (బట్టలకు తగిలించే చిన్న మైకు) గంజి బ్యాండు కింద పెడితే గరగర తప్పదు, కోటు లోపలి అంచుకు పెట్టించు. గ్యాలరీలో జూనియర్ ఆర్టిస్టులు అన్ని రోజులూ వాళ్లే రావాలి, ఎవరెక్కడ కూర్చున్నారో ఫోటో ఉండాలి. గుసగుసలు నోటితో నటించమని, శబ్దం విడిగా ఒక నిమిషం రికార్డు చేయించు. ఖాళీ హాలు రూమ్ టోన్ (ఎవరూ మాట్లాడనప్పటి చప్పుడు) కూడా అప్పుడే. ప్రాంప్టింగ్ (పక్కనుంచి డైలాగు అందించడం) అలవాటున్న ఆర్టిస్టులుంటే పది రోజుల ముందే సీన్ పేపర్లు ఇచ్చెయ్యి.

చివరి సీను మళ్లీ రాసి, కాగితాల జాబితాతో కలిపి నాకు పంపు. ఆర్టు వాళ్లకు అడ్వాన్సు ఇచ్చే లోపే చూస్తాను.

ఆశీస్సులతో,
అన్నయ్య