ఐటీఐ చదివి స్విమ్మింగ్ పూల్ పనికి వెళ్లొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసై ఏడాదైంది, ఖాళీగానే ఉన్నాడు. మా బావమరిది హైదరాబాద్ కొండాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీలో సెక్యూరిటీ సూపర్‌వైజర్. అక్కడ స్విమ్మింగ్ పూల్ చూసుకునే మనిషి కావాలట, పని వాళ్లే నేర్పుతారట. రెండేళ్లు ఐటీఐ చదివింది నీళ్లలో ఆకులు ఏరడానికా అని ఇంట్లో గొడవ. చేర్చమంటారా? ఏమేం నేర్చుకోవాలి? ముందు ముందు గల్ఫ్‌కి పనికొస్తుందా?
- ఒక తండ్రి, జగిత్యాల జిల్లా

జవాబు: చేర్చండి. కాకపోతే చేరే ముందే ఒక మాట అడగండి: మా వాడిని పంపు రూమ్‌లో పని చేయనిస్తారా, లేక వల కర్ర ఒక్కటే చేతికిస్తారా? ఆకులు తీయడం, గోడలు బ్రష్ చేయడం, అడుగున వాక్యూమ్ కొట్టడం వారం తిరక్కుండానే వచ్చేస్తాయి. అసలు విద్య పంపు రూమ్‌లో ఉంది, అక్కడ మీ వాడు చదివిన చదువూ అక్కరకొస్తుంది. మోటారు, స్టార్టర్, టైమర్, నీళ్లలోపలి లైట్లు, ఎర్తింగ్ అన్నీ కరెంటు వ్యవహారాలే. తడి నేల, తడి చేతులు, ఈత కొట్టే పిల్లలు ఉన్న చోట 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉందా, దాని టెస్ట్ బటన్ నొక్కితే పడుతోందా అని చూడగలిగిన మనిషి పూల్ దగ్గర ఉండటం చిన్న సంగతి కాదు.

మొదట నేర్వాల్సింది లెక్క. పూల్ పొడవు, వెడల్పు, సగటు లోతు మీటర్లలో కొలిచి గుణించి, దాన్ని వెయ్యితో గుణిస్తే లీటర్లు వస్తాయి. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల సగటు లోతు ఉంటే 60,000 లీటర్లు. అందులో క్లోరిన్ 1 పీపీఎం, అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము పెరగాలంటే 60 గ్రాముల క్లోరిన్ కావాలి. మార్కెట్లో దొరికే 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ అయితే 92 గ్రాముల దాకా పడుతుంది. ఈ లెక్క తెలియని చోట రోజూ పొద్దున ఒక మగ్గు కుమ్మరించేసి చేతులు దులుపుకుంటారు. ఎందుకంత వేశావంటే ముందున్నాయన అంతే వేసేవాడు అంటారు. మీ వాడు ఆ బాటలో పడకూడదు.

లెక్క తర్వాత పరీక్ష. టెస్ట్ కిట్‌లో పూల్ నీళ్లు పట్టి, ఒక గొట్టంలో పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారాల కొలత) చూసే ఫినాల్ రెడ్, ఇంకో దాంట్లో క్లోరిన్ చూసే డీపీడీ మందు వేసి రంగు పోల్చి చూడాలి. పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య, ఫ్రీ క్లోరిన్ (ఇంకా పాడవకుండా పనికొచ్చే క్లోరిన్) 1 నుంచి 3 పీపీఎం మధ్య ఉండాలి. ముందు పీహెచ్ సరిచేయాలి, ఆ తర్వాతే క్లోరిన్ జోలికి పోవాలి. ఎందుకంటే 7.5 దగ్గర వేసిన క్లోరిన్‌లో దాదాపు సగం క్రిములను చంపే రూపంలో ఉంటుంది. 8కి చేరేసరికి అది పావు వంతుకి పడిపోతుంది. డబ్బాలకు డబ్బాలు పోసినా నీళ్లు పచ్చబడుతున్నాయంటే చాలాసార్లు కారణం ఇదే. పీహెచ్ తగ్గించడానికి యాసిడ్, పెంచడానికి సోడా యాష్ (మన చాకలి సోడానే), ఆల్కలినిటీ పెంచడానికి వంటసోడా వాడతారు. ఆల్కలినిటీ 80 నుంచి 120 పీపీఎం మధ్య ఉంటే పీహెచ్ ఊరికే ఎగిరి పడదు.

ఇంకోటి. "క్లోరిన్ ఎక్కువేశారు, కళ్లు మండుతున్నాయి, వాసన కొడుతోంది" అని అపార్ట్‌మెంట్ వాళ్లు రోజూ పేచీ పెడతారు. ఆ ఘాటు వాసన చాలావరకు చెమట, మూత్రంతో కలిసి పాడైన క్లోరిన్‌ది. అప్పుడు చేయాల్సింది క్లోరిన్ మానేయడం కాదు, రాత్రిపూట పూల్ మూసేసి మోతాదు బాగా పెంచి ఆ మురికిని విరగ్గొట్టడం. మర్నాడు కిట్‌తో చూసి, క్లోరిన్ మామూలు స్థాయికి దిగాకే పిల్లల్ని దిగనివ్వాలి. ఈ సంగతి కమిటీ వాళ్లకు మర్యాదగా చెప్పి ఒప్పించడం కూడా ఉద్యోగంలో భాగమే.

ఇసుక ఫిల్టర్ మీద ఒక ప్రెషర్ గేజ్ ఉంటుంది. బ్యాక్‌వాష్ (నీళ్లు ఎదురు తిప్పి ఇసుకను కడగడం) చేసిన వెంటనే ముల్లు ఎక్కడుందో పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. అక్కడి నుంచి 8, 10 పీఎస్ఐ పెరిగితే మళ్లీ బ్యాక్‌వాష్. వాల్వ్ హ్యాండిల్ తిప్పే ముందు పంపు ఆపి తీరాలి, నడుస్తుండగా తిప్పితే లోపలి గాస్కెట్ పోతుంది. బ్యాక్‌వాష్ అయ్యాక ఒక నిమిషం రిన్స్ పెట్టకపోతే ఇసుకలో మిగిలిన మురికి తిరిగి పూల్‌లోకే వస్తుంది. హైదరాబాద్‌లో చాలాచోట్ల నింపేది బోరు నీళ్లు, కాఠిన్యం ఎక్కువ. టైల్స్ అంచున తెల్లగా పొలుసు కడుతుంటే అది బ్రష్‌తో పోయే రోగం కాదు, పీహెచ్, హార్డ్‌నెస్ చూసుకోవాలి. పాతకాలపు వాళ్లు మైలుతుత్తం వేయమంటారు. నాచు చస్తుంది, నిజమే. మోతాదు తప్పితే గోడలకు మరకలు, లేత రంగు జుట్టుకు పచ్చదనం. నేనైతే కొత్తవాళ్లను దాని దగ్గరికి పోనివ్వను.

ఇక ప్రాణం మీదికి వచ్చేవి. యాసిడ్, క్లోరిన్ కలిస్తే విషవాయువు పుడుతుంది. రెండూ ఒకే గదిలో పక్కపక్కన పెట్టిన చోట్లు నేను చూశాను, చేరిన మొదటి రోజే విడదీయమని చెప్పండి. కాల్షియం హైపోక్లోరైట్‌లో వాడిన గరిటెను టీసీసీఏ (ఇంకో రకం క్లోరిన్ మందు) డబ్బాలో పెట్టకూడదు, ఆ రెండూ కలిస్తే మంటలు లేస్తాయి, పేలొచ్చు కూడా. ఎప్పుడూ నీళ్లలో మందు వేయాలి, మందు మీద నీళ్లు పోయకూడదు. బ్యాలెన్సింగ్ ట్యాంకులోకి (పూల్ నుంచి పొర్లిన నీళ్లు చేరే ట్యాంకు) ఒంటరిగా దిగకూడదు, మూసి ఉన్న ట్యాంకులో గాలి ఎలా ఉందో కంటికి కనపడదు. భూమిలో తవ్వి కట్టిన పూల్‌ని వానాకాలంలో శుభ్రం చేస్తామని ఖాళీ చేయించే మేనేజర్లు ఉంటారు. చుట్టూ భూగర్భ జలం పైకి వచ్చి ఉన్నప్పుడు ఖాళీ పూల్ కిందినుంచి వచ్చే ఒత్తిడికి పగులుతుంది, కొన్నిసార్లు మొత్తం పైకి లేస్తుంది. అలాంటి పనికి ఇంజనీర్ రాతపూర్వకంగా చెప్తేనే పూనుకోవాలి.

మీ వాడికి ఈత రాకపోతే ముందు అది నేర్పించండి. అలాగని లైఫ్‌గార్డ్ డ్యూటీ కూడా నువ్వే చెయ్యి అంటే ఒప్పుకోవద్దు. అది వేరే శిక్షణ, వేరే బాధ్యత.

ఎదుగుదల సంగతి దాచకుండా చెప్తాను. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఒకే పూల్ పట్టుకుని కూర్చుంటే జీతం పెద్దగా పెరగదు. నా లెక్కలో అక్కడ ఏడాది చాలు. తర్వాత మెయింటెనెన్స్ కాంట్రాక్టులు తీసుకునే పూల్ కంపెనీకి మారాలి. అక్కడ ఇవాళ ఫామ్‌హౌస్, రేపు హోటల్, ఎల్లుండి స్కూలు అని తిరుగుతాడు, రకరకాల ఫిల్టర్లు, పంపులు చేతికొస్తాయి. అదే సమయంలో ఆ కమ్యూనిటీలోనే ఉండే ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు), ఆర్వో ప్లాంట్ మనుషులతో స్నేహం చేసి అవీ నేర్చుకోమనండి. కరెంటు, నీళ్లు రెండూ తెలిసిన టెక్నీషియన్ ఫెసిలిటీ సూపర్‌వైజర్ కావడానికి దారి దగ్గర. అమెరికా సంస్థ పూల్ అండ్ హాట్ టబ్ అలయన్స్ ఇచ్చే సర్టిఫైడ్ పూల్ ఆపరేటర్ సర్టిఫికెట్ చాలా దేశాల్లో చెల్లుతుంది, ఐదేళ్లు ఉంటుంది. హోటళ్లకు, విదేశాలకు వెళ్లాలనుకుంటే అది పనికొస్తుంది. మొదటి ఏడాదే దానికి డబ్బు తగలేయొద్దు. చేతికి పని వచ్చాక చదివితే ప్రతి పేజీ అర్థమవుతుంది. ఈలోపు ఇంగ్లీషులో లాగ్‌బుక్ రాయడం అలవాటు చేసుకుంటే చాలు.

గల్ఫ్ అంటారా, పనికొస్తుంది. దుబాయ్ విల్లాల్లో, హోటళ్లలో ఈ పనికి మనుషులు కావాలి. అక్కడ ఎండాకాలంలో నీళ్లు చల్లబరచడానికి చిల్లర్లు కూడా నడుపుతారు కాబట్టి ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్‌కి విలువ ఉంటుంది. మీ వాడు టెన్త్ పాసయ్యాడు కనక పాస్‌పోర్టులో ఈసీఆర్ (గల్ఫ్ లాంటి దేశాలకు పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి కావాలనే) ముద్ర పడదు. దాన్ని ఆసరా చేసుకుని విజిట్ వీసా మీద పంపిస్తాం, అక్కడికి వెళ్లాక పని చూపిస్తాం అనేవాళ్లు మీ జిల్లాలో కొదవలేదు, మీకు నేను చెప్పక్కర్లేదు. ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. లైసెన్సున్న ఏజెంటు తీసుకోవాల్సిన సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతకు మించి కాదు. విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లోనూ పేరు నమోదు చేయించండి.

ప్రస్తుతానికి కొండాపూర్ ఉద్యోగం గురించి మీ బావమరిదిని మూడు సంగతులు కనుక్కోమనండి: జీతం ఇచ్చేది అసోసియేషనా, కాంట్రాక్టరా, పీఎఫ్, ఈఎస్ఐ కడతారా, గ్లౌజులు, మాస్కు, కళ్లద్దాలు, టెస్ట్ కిట్ వాళ్లే ఇస్తారా. టెస్ట్ కిట్ ఎందుకండీ అని ఎదురడిగే చోటయితే ఇంకో చోటు వెతకండి.