పరిమళాల ప్రశ్నోత్తరాలు: మొదటి పది నిమిషాలు చూసి తీర్పు చెప్పకండి

ప్రశ్న: నా వయసు 31. మాది నెల్లూరు. పెరంబూరులో ఉంటూ గిండీలో ఉద్యోగం చేస్తున్నాను. మా మేనేజరు గారు క్రీడ్ కంపెనీ వారి అవెంటస్ అనే సెంటు వాడతారు. లిఫ్టులో ఆయన పక్కన నిలబడ్డప్పుడల్లా ఆ వాసన నాకూ కావాలనిపించేది. 100 మిల్లీలీటర్ల సీసా 30,000 రూపాయలు దాటుతుందని తెలిసి ఆశ వదులుకున్నాను. ఈ మధ్య, దానికి దీటుగా ఉంటుందని స్నేహితుడు చెబితే దుబాయ్‌లో తయారైన ఒక సెంటు 2,800 రూపాయలకు కొన్నాను. కొట్టుకోగానే ఘాటైన నిమ్మకాయ వాసన! మా ఆవిడ వంటింట్లోంచే ‘ఇల్లు తుడుస్తున్నారా?’ అని అడిగింది. మధ్యాహ్నానికల్లా నాకు ఏ వాసనా తెలియడం లేదు. వచ్చే నెల మా బావమరిది పెళ్లి. నేను మోసపోయానా? ఇలాంటి నకలు పూసుకుని నలుగురిలోకి వెళ్లడం నామోషీ కాదా?
– ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: మీరు మోసపోలేదు. తొందరపడ్డారు, అంతే.

అంబత్తూరులో అగరుబత్తీలకూ పౌడర్లకూ సువాసనలు కలిపే ఒక చిన్న కర్మాగారంలో 22 ఏళ్లు పనిచేశాను. కొత్తలో మా పెద్దాయన నాకు ఒక పరీక్ష పెట్టేవారు. ఒక కాగితపు పట్టీని ఖరీదైన విదేశీ సెంటులో, ఇంకొక దాన్ని మేము కలిపిన దానిలో ముంచి, వెనకవైపు పెన్సిలుతో గుర్తు పెట్టి నా ముందు ఉంచేవారు. ఏది ఏదో అప్పటికప్పుడు కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. భోజనం చేసి వచ్చాక తడబడేవాణ్ణి. మర్నాడు పొద్దున పెన్సిలు గుర్తు చూస్తే తప్ప చెప్పలేకపోయేవాణ్ణి.

డబ్బు తేడా బాగా కనబడేది ఆ మొదటి పది, పదిహేను నిమిషాల్లోనే. ఇటలీలోని కలాబ్రియాలో బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు పండుతుంది. దాని తొక్క నూనెలో ఎన్నో పదార్థాలు కలిసి ఉంటాయి కాబట్టి పులుపు వెనకే కాస్త తీపి, కాస్త పువ్వు తగులుతాయి. చవకగా చేయాలంటే అందులో ముఖ్యమైన రెండు మూడింటితోనే సరిపెట్టుకోవాలి. వాటిలో ఒకటైన లిమోనీన్ మోతాదు పెరిగితే వాసన ముక్కులో గుచ్చుకుంటుంది. ఇల్లు తుడిచే ద్రావణాల్లో నిమ్మ వాసన కోసం కలిపేవాటిలో అదీ ఒకటి. మీ ఆవిడ ముక్కు చాలా చురుకైనది, ఆవిడ పోలికలో తప్పేమీ లేదు.

కానీ నిమ్మ త్వరగా ఎగిరిపోతుంది. అవెంటస్ 2010లో వచ్చింది. దాని అందమంతా పైన అనాస, నల్లద్రాక్షను తలపించే బ్లాక్ కరెంట్, వాటి కింద బిర్చ్ చెట్టు పొగ, అడుగున కస్తూరి ఛాయ. అనుకరించేవారు చేరుకోవాలని చూసేది ఆ పొగనే. ఈ దారిలో ఎక్కువమందికి తెలిసినది ఆర్మాఫ్ వారు 2015లో తెచ్చిన క్లబ్ ద న్యూయి ఇంటెన్స్ మ్యాన్. మీరు కొన్నది ఏదో రాయలేదు. ఏదైనా సరే, వచ్చే ఆదివారం ఇలా చేసి చూడండి.

స్నానం చేసి, ఒళ్లు ఆరాక, ముంజేతికి ఒక చుక్క కొబ్బరినూనె పల్చగా రాసి, దాని మీద ఒక్కసారి కొట్టండి. చర్మం పొడిగా ఉంటే వాసన నిలవదు, నూనె దాన్ని పట్టి ఉంచుతుంది. మణికట్లు రెండూ కలిపి రుద్దకండి. చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చోకుండా మీ పని మీరు చేసుకోండి. అరగంట తర్వాత చూస్తే కోయంబేడు మార్కెట్‌లో అప్పుడే కోసిన అనాస చెక్క వాసన తగలాలి. రెండు గంటలకు, భోగి మంట దగ్గర నిలబడి వచ్చిన చొక్కాకు మర్నాడు మిగిలే పొగ వాసన రావాలి. కమ్మగా, పొడిగా ఉంటుంది. అది వచ్చిందా, మీ 2,800 రూపాయలూ గిట్టినట్టే. రెండు గంటల తర్వాత కూడా నిమ్మే మిగిలితే ఆ సెంటు మీకు వద్దు.

మధ్యాహ్నానికి వాసన తెలియడం లేదన్నారు. అది పోయిందని మీ ముక్కు ఒక్కదాని మాట మీద నమ్మకండి. ఒకే వాసన గంటల తరబడి తగులుతుంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. పైగా కస్తూరి వాసననిచ్చే కొన్ని రసాయనాలు కొందరికి బొత్తిగా తెలియవు. సాయంత్రం మీ ఆవిడనే అడగండి. వాసన రావడం లేదని మళ్లీ మళ్లీ కొట్టుకుంటే లోకల్ రైలులో పక్కన కూర్చున్నవారికి తలనొప్పి తప్పదు. మన చెన్నై ఉక్కలో అది ఇంకా వేగంగా పైకి లేస్తుంది. ఏసీ ఆఫీసుకు బయలుదేరేటప్పుడు మూడుసార్లు కొడితే సరిపోతే, ఎండలో బయటికి వెళ్లే రోజున రెండే చాలు.

ఇక నామోషీ సంగతి. దీని గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. సెంటు కూర్పును కంపెనీలు రహస్యంగా దాచుకుంటాయి. అయినా పదార్థాలను విడివిడిగా చూపే గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రంలో పెడితే అందులో ఏమున్నాయో చాలావరకు బయటపడతాయి. అది చూసి, ముక్కుతో సరిచూసుకుంటూ నెలల తరబడి కలిపి, తన పేరుతో తన సీసాలో అమ్ముకునేవాడు పనిమంతుడు. మేమూ ఆ పనే చేశాం, ఒక్కరోజు కూడా తల దించుకోలేదు. అవెంటస్ పేరూ, దాని సీసా మీది గుర్రపు రౌతు బొమ్మా దొంగిలించి ‘అసలైనదే, నాలుగు వేలకే ఇస్తాం’ అనేవాడు వేరు. ఆ పని 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం ప్రకారం నేరం. అలాంటి సీసాలో ఏం పోశారో అడిగేందుకు మనిషి కూడా దొరకడు. అది మాత్రం చర్మానికి తగలనివ్వకండి.

అసలైన అంబర్‌గ్రిస్ కలిపామని ఎవరైనా ఆశ పెట్టినా దూరంగా ఉండండి. తిమింగలం కడుపులో పుట్టే ఆ పదార్థాన్ని అమ్మడం మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నిషేధం. ఆ వాసన కోసం నేడు విరివిగా వాడే అంబ్రాక్సన్‌ను క్లేరీ సేజ్ అనే మొక్క నుంచి తీసిన పదార్థంతో తయారుచేస్తారు.

పెళ్లికి పట్టుపంచె మీద కొట్టకండి, మరక పడవచ్చు. బట్టలు కట్టుకోకముందే ఛాతీ మీద ఒకసారి, మెడ వెనక ఒకసారి కొట్టుకుని, పూర్తిగా ఆరాకనే దీపాల దగ్గరికి వెళ్లండి. అందులో ఉండేది ఎక్కువగా ఆల్కహాలే. మండపానికి బయలుదేరడానికి అరగంట ముందు కొట్టుకుంటే ఆ నిమ్మ ఘాటు మీ ఇంట్లోనే తీరిపోతుంది. ఏ సెంటని బంధువులు అడిగితే సీసా మీద ఉన్న పేరే చెప్పండి, ధర కూడా చెప్పండి. రాత్రి ఇంటికి వచ్చాక చొక్కా మెడపట్టీ ఒకసారి వాసన చూసి, ఏం మిగిలిందో నాకు రాయండి.